నక్క తెచ్చిన తోడేలు పిల్ల

మంచుకొండల నడుమ ఒక లోయ ఉండేది. సింహం రాజుగారి తరఫున ఆ లోయను ఏలే డ్యూక్ ఓ ఎలుగుబంటి. పేరు హార్ట్‌విగ్. కొండగుహే ఆయన కోట. వేసవిలో ఆయన గర్జిస్తే లోయంతా అదిరేది. చలికాలం దగ్గరపడితే మాత్రం కళ్లు మూతలు పడిపోయేవి, ఎవరేం అడిగినా "సరే, అలాగే" అనేసేవాడు. ఆ మాట వింటేనే ఆయన భార్య ఇర్మెల్‌కు దడ. ఒకసారి అలాగే నిద్రమత్తులో పెద్దకొడుకును పొరుగు దొర దగ్గరికి పూచీగా పంపాడు. వాడు తిరిగి రాలేదు.

ఈసారి ఆకులు రాలే రోజుల్లో, మరో పొరుగువాడైన తోడేలు దొర పంపగా గిస్కో అనే నక్క రాయబారం వచ్చాడు.

"డ్యూక్‌గారూ, మీ చేపల ఏరు కోసం ఎన్నాళ్లీ కొట్లాటలు? మీ బాబును మా దొర దగ్గర ఉంచండి, మా దొర కొడుకును మీ దగ్గర ఉంచుతాం. ఇక కయ్యానికి ఎవరికి మనసొప్పుతుంది?"

"బాగుంది... అలాగే," అని డ్యూక్ ఆవులించాడు.

చిన్నకొడుకు లుట్జ్ తల్లి వెనక నక్కాడు. ఇర్మెల్ భర్తను పట్టి కుదిపింది. "ఏమండీ, మనకు మిగిలింది వీడొక్కడే!"

"మాటిచ్చేశానే ఇర్మెల్."

డ్యూక్ మాట తప్పితే లోయలో తలెత్తుకోలేరు. ఆమె నక్క వైపు తిరిగింది. "మంచిదే గిస్కో. ముందు మీ పిల్లాడు మా ఇంట్లో కాలు పెట్టాలి. ఆ తర్వాతే మావాడు బయల్దేరేది."

"వెంటే తెచ్చాను తల్లీ!" అంటూ నక్క ఓ పిల్లను ముందుకు తోశాడు. ఒంటి నిండా బూడిదరంగు తోడేలు తోలు కప్పి ఉంది.

"నీ పేరేంటి నాన్నా?" అని ఇర్మెల్ వంగి అడిగింది. తోలు కింద నక్క వాసన గుప్పుమంది. పిల్ల బెదురుగా గిస్కో మొహం చూసింది. ఆమెకు అర్థమైపోయింది. పైకి మాత్రం పిల్లను ముద్దుగా దగ్గరికి తీసుకుంది.

"పాపం, బక్కగా ఉన్నాడు. రేపో మాపో మంచు పడుతుంది. వాకిట్లో బండ పెట్టుకుని పడుకున్నామంటే మళ్లీ వసంతానికే తీసేది. వీణ్ణి నా పక్కనే పడుకోబెట్టుకుంటాలే."

గిస్కో మీసాలు వణికాయి. "మరి... తిండి?"

"నిద్రలో తిండేమిటయ్యా?"

"తోడేళ్లు రోజూ తినాలి తల్లీ!"

"అలవాటవుతుందిలే. ఒరేయ్ భటుల్లారా, ఆ బండ దొర్లించండి!"

బండ కరకరమంటూ కదిలింది. పిల్ల "నాన్నా!" అని ఏడుస్తూ గిస్కో కాళ్లకు చుట్టుకుంది. గిస్కో నేలమీద సాగిలపడ్డాడు.

"నా కొడుకమ్మా వీడు! మా దొర తన కొడుకును ఇవ్వనన్నాడు. మీ బాబు చేతికి చిక్కితే ఆ చేపల ఏరు లాక్కోవచ్చన్నాడు. వీణ్ణి తర్వాత ఎలాగో తప్పించి తీసుకుపోవచ్చనుకున్నా. బండ పెట్టేస్తారని తెలీదమ్మా!"

దెబ్బకు డ్యూక్ నిద్ర వదిలింది. "మోసంతో పుచ్చుకున్న మాట చెల్లదు!" అని పంజా ఎత్తాడు. ఇర్మెల్ అడ్డుపడింది. కొడుకును గుండెకు అదుముకున్న ఆ నక్కను చూస్తే ఆమెకు పెద్దవాడు గుర్తొచ్చాడు.

"పోనివ్వండి. పిల్లాడు చలికి వణికిపోతున్నాడు."

తోడేలు దొరకు మొహం చూపించలేక, గిస్కో కొడుకును వీపున ఎక్కించుకుని ఆ పూటే కొండలు దాటి వెళ్లిపోయాడు.

ఎదుటివాడి బిడ్డకు వల పన్నేవాడు, తన బిడ్డ ఎక్కడ నిలబడి ఉందో ముందు చూసుకోవాలి.