ముప్పై ఆరు గళ్ళ గుడ్డ

అనగనగా, మన తాతల తాతలకైనా గుర్తులేని రోజుల్లో, రత్నకేతుపురం అనే పట్టణం ఉండేది. ఆ పట్టణంలో భద్రమ్మ, మార్కండయ్య అనే నేతదంపతులు ఉండేవారు. గళ్ళ చీరలకు వాళ్ళ మగ్గం పెట్టింది పేరు. వాళ్ళకున్న ఆస్తి కూడా ఆ మగ్గమొక్కటే.

ఆ ఊరి సంతలో ఒక జూదశాల ఉండేది. దాన్ని నడిపేవాడి పేరు సుగుణాకరుడు. ఆ పేరు పెట్టినప్పుడు తల్లిదండ్రులు ఏం కలగన్నారో గాని, వాడిలో సుగుణం ఆవగింజంత కూడా లేదు. పాచికలు మాత్రం మంచివే. సంత రోజు పొద్దున్నే రాజోద్యోగి వచ్చి, రెండు పాచికలనూ తూచి, నీళ్ళలో వేసి చూసి, మోసం లేదని రాజముద్ర ఉన్న పలకను గుమ్మానికి తగిలించి పోయేవాడు. అది అక్కడి ఆచారం. ముద్ర ఉంది కదా అని జనం కళ్ళు మూసుకుని లోపలికి వెళ్ళేవారు.

అసలు ఆట సరి–బేసి. పాచికలు వేసి చుక్కలు కలిపితే సరి సంఖ్య వస్తుందా, బేసి వస్తుందా అన్నదే పందెం. ఆ రోజుల్లో గవ్వలే డబ్బు. ఒక గవ్వ పెట్టి గెలిస్తే రెండు చేతికొచ్చేవి.

మొదటి సంతకు వెళ్ళిన మార్కండయ్య పొద్దంతా సరి–బేసి ఆడి, పట్టుకెళ్ళిన గవ్వలే ఇంచుమించు పట్టుకొచ్చాడు.

రెండో సంతకు సుగుణాకరుడు అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని తమలపాకులు చేతిలో పెట్టాడు. సరి–బేసి చప్పటి ఆట అన్నాడు. ఇష్టమైతేనే సుమా అంటూ మూడు పక్క పందాలు చెప్పాడు. రెండు ఆరులు పడితే గవ్వకు ముప్పై. రెండు పాచికలూ ఒకేలా పడితే గవ్వకు ఐదు. కలిపి ఏడు పడితే గవ్వకు ఐదు. ఆ రోజు మార్కండయ్యకు ఒక్కసారి రెండు ఆరులు పడ్డాయి. మిఠాయి పొట్లంతో, ఎగిరే కాళ్ళతో ఇంటికొచ్చాడు.

మూడో సంతకు ఉన్నదంతా పక్క పందాల్లో పోసి, చివరికి మగ్గాన్నే ఒడ్డి ఓడిపోయాడు.

భద్రమ్మకు ఒళ్ళు మండిపోయింది. ఎలా పోయిందని మొగుణ్ణి నిలదీస్తే, నా రాత అన్నాడు. రాజోద్యోగి దగ్గరికి వెళితే, పాచికల్లో దోషం లేదు పొమ్మన్నాడు. సుగుణాకరుణ్ణి అడిగితే, నేనెవరినీ బలవంతపెట్టలేదు కదమ్మా అని నవ్వాడు. ఆ నవ్వుకు ఆమె పళ్ళు పటపటా కొరికింది.

సరి–బేసిలో వాడికి లాభం లేదు. మరి వాడి రెండంతస్తుల మేడ ఏ గవ్వలతో లేచింది? ఆమె ఆ ప్రశ్న వదల్లేదు. వాడి మనుషులు ఇంకా మోసుకుపోని మగ్గం మీద మిగిలిన గళ్ళ గుడ్డను చూస్తూ కూర్చుంది. నిలువుగా ఆరు పడుగు చారలు, అడ్డంగా ఆరు పేక చారలు, అవి కలిసేచోట ముప్పై ఆరు గళ్ళు. ఒక పాచికకు ఆరు ముఖాలు, రెండో పాచికకూ ఆరే. ఆమె చటుక్కున లేచి, కత్తెరతో ఆ గుడ్డ కోసుకుని కోటకు నడిచింది.

రాజు సుగుణాకరుణ్ణి పిలిపించాక, ఆమె నిండు సభలో గుడ్డ పరిచింది. నిలువు చారలు ఒక పాచిక ముఖాలని, అడ్డ చారలు రెండోదాని ముఖాలని, ప్రతి గడీ పాచికలు పడే ఒక తీరని చెప్పి, ప్రతి గడిలో ఒక గవ్వ పెట్టింది.

"ప్రభూ, ఇవి ముప్పై ఆరు ఆటలకు పెట్టిన ముప్పై ఆరు గవ్వలు. రెండు ఆరులున్న గడి ఈ మూలనున్నదొక్కటే. దానికి ఇతడిచ్చేది ముప్పై. మిగతా ఆరు ఎక్కడికి పోయాయి?"

ఆమె ఒక మూలనుంచి ఎదుటి మూలకు వేలితో గీత గీసింది. జంటలు పడే గళ్ళు ఆరు, గడికి ఐదు చొప్పున మళ్ళీ ముప్పై. మిగిలిన రెండు మూలల మధ్య మరో గీత గీసింది. ఏడు పడే గళ్ళూ ఆరే, మళ్ళీ ముప్పై. ఇక సరి గళ్ళు పద్దెనిమిది, బేసి గళ్ళు పద్దెనిమిది. గవ్వకు రెండు చొప్పున ముప్పై ఆరుకు ముప్పై ఆరూ తిరిగొస్తాయి. ఒకరోజు గెలవచ్చు, ఒకరోజు ఓడవచ్చు, పక్క పందాలు ఆడేకొద్దీ మాత్రం ప్రతి ముప్పై ఆరు గవ్వల్లో ఆరు వీడి సంచిలోకే పోతాయని ఆమె చెప్పింది.

రాజు సుగుణాకరుడి వైపు తిరిగి, రెండు ఆరులకు ముప్పై ఆరు ఇస్తావా అని అడిగాడు.

"అలా ఇస్తే నేను బతికేదెలా ప్రభూ?" అన్నాడు వాడు. అనేశాక నాలుక కరుచుకున్నాడు.

రాజు ఆ క్షణమే భద్రమ్మ మగ్గం తిరిగి ఇప్పించమన్నాడు. ఆమె కదల్లేదు.

"ఒక్క నా మగ్గంతో సరిపోదు దొరా. ఎంతమంది ఎడ్లు, ఎంతమంది పొలాలు వీడి మేడ కింద ఉన్నాయో అడగండి. వాళ్ళంతా వీడి ముఖం చూసి వెళ్ళలేదు, గుమ్మానికున్న మీ ముద్ర చూసి వెళ్ళారు. పాచికలు తూచారు గాని, పందెం తూచినవారు మీలో ఒక్కరైనా ఉన్నారా?"

రాజు ముఖం ఎర్రబడింది. సింహాసనం దిగి, తప్పు తనదేనని నిండు సభలో ఒప్పుకున్నాడు. సంతకు వెళ్ళి, జూదశాల గుమ్మానికున్న పలకను తన చేత్తోనే ఊడదీశాడు. పక్క పందాల్లో లాక్కున్న ఎడ్లు, పొలాలు, మగ్గాలు అన్నీ ఎవరివి వారికి చేరాకే భద్రమ్మ తన మగ్గం తీసుకుంది. మార్కండయ్యతో మాత్రం నెల రోజులు మాట్లాడలేదు.

కాబట్టి పిల్లలూ, పాచిక మంచిదైతే పందెమూ మంచిదే అనుకోకండి. గెలిస్తే ఎంత ఇస్తావని అడిగే ముందు, ఎన్ని ఆటలకొకసారి గెలుస్తానో అడగండి.