ఝాన్సీ కూర్చున్న చోటు

తూర్పడవి రాజు సింహం మంచివాడే. తోడేళ్లతో యుద్ధం ముగిశాక, సైన్యంలో పనిచేసి ముసలైపోయిన జంతువులకు వాగు ఒడ్డున వరసగా తాటాకు పాకలు వేయించి సగం అద్దెకే ఇచ్చాడు. అద్దె అంటే కాపలా కాయడమే. మిగతా జంతువులు వారానికి రెండు పూటలు పొలిమేర కాయాలి. ఈ సైనికుల వాడలో ఉండేవాళ్లకు ఒక్క పూట చాలు.

షరతు మాత్రం ఒకటుంది. ఏడాదికోసారి కోట నుంచి అధికారి వచ్చి పేర్లు పిలుస్తాడు. పిలిచినవాళ్లు నడిచి వచ్చి, ఆయన ముందు నిలబడి "ఉన్నానండీ" అనాలి. రాలేని వాళ్లనూ నిలబడలేని వాళ్లనూ కొండకవతల దొడ్డికి తోలేసి, పాక ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఆ దొడ్డికి వెళ్లి తిరిగొచ్చిన వాళ్లను ఎవరూ చూడలేదు.

ఆ వాడలో ఝాన్సీ అని ఓ ముసలి కుక్క ఉండేది. సైన్యంలో దాని పని వాసన పట్టడం. తోడేళ్లు దొంగదారుల్లో గంజాయి పంపించి మన సైనికుల్ని మత్తులో ముంచాలని చూసేవి. ఆ మూటల్ని పట్టుకోవడానికి ఝాన్సీకి చిన్నప్పుడే ఒక పద్ధతి నేర్పారు. గంజాయి వాసన తగిలితే మొరగకూడదు, గోళ్లతో గీరకూడదు, దాని ఎదురుగా చప్పుడు చేయకుండా కూర్చోవాలి. వాసన పోయేదాకా లేవకూడదు. కొలువు వదిలి ఏళ్లయినా ఆ పద్ధతి ఒంటిని వదల్లేదు. ఇప్పటికీ ఆ వాసన తగిలితే చాలు, దాని ప్రమేయం లేకుండానే వెనక కాళ్లు మడతపడిపోతాయి.

ఇన్నాళ్లూ దాంతో బాధేమీ లేకపోయింది. పక్క పాకలోకి బుల్లెబ్బాయి దిగాకే దాని తల ప్రాణం తోకకొచ్చింది.

బుల్లెబ్బాయి పొట్టేలు. వాడూ సైన్యంలో చేసినవాడే, కాదనడానికి లేదు. మెడలో గంటలు కట్టుకుని బ్యాండు మేళానికి ముందు నడిచేవాడు. యుద్ధం ఎటువైపు జరిగిందో కూడా వాడికి తెలియదు. వాగు అవతలి నుంచి వచ్చిన నాగలింగం అనే నక్క వాడికి గంజాయాకు అలవాటు చేసి, ఆ పాకనే తన కొట్టుగా మార్చుకుంది. ఇక చూడండి! పొద్దస్తమానం పునుగుపిల్లులూ, పని లేని కోతులూ వరస కట్టేవి. అందులో సగం వచ్చి ఝాన్సీ తలుపే బాదేవి.

"బుల్లెబ్బాయన్న ఉన్నాడా?"

"ఆ పక్క పాక! ఎన్నిసార్లు చెప్పాలి మీకు?"

"కోప్పడకు మామ్మా. పోనీ, నీ దగ్గరేమైనా ఉందా?"

బుల్లెబ్బాయికి మత్తెక్కితే పాటలు, పాటలయ్యాక ఆకలి. ఆ ఆకలికి పచ్చీ ఎండూ తేడా లేదు. రెండు పాకలకూ మధ్యనున్న తాటాకు దడిని కొంచెం కొంచెంగా నమిలేశాడు. దడి తరిగేకొద్దీ వాసన తిన్నగా ఇవతలికి కొట్టేది. ఝాన్సీ నీళ్లకు బయల్దేరితే గుమ్మంలోనే కూలబడేది. తిండి ముందు నిలబడితే గిన్నెకు బెత్తెడు దూరంలో కూర్చుండిపోయేది. కీళ్లు పట్టేసిన ఆ వయసులో లేవడం కూర్చోవడం అంటే మాటలా?

వాడ పెత్తనం పెద్దిరాజు అనే దున్నపోతుది. ఝాన్సీ కుంటుకుంటూ ఆయన బురద మడుగు దగ్గరికి వెళ్లింది.

"పెద్దిరాజు గారూ, పక్కింట్లో గంజాయి అమ్ముతున్నారండి."

"సాక్ష్యం ఏదీ?"

"నా ముక్కేనండి."

"నీ ముక్కు ఎప్పుడో రిటైరైంది కదమ్మా."

"పోనీ, నా దడి తినేశాడండి!"

"తిన్నాడనడానికి సాక్ష్యం?"

"దడి లేదు కదండీ! వచ్చి చూసుకోండి!"

"సరే, ఎల్లుండి మధ్యాహ్నం తనిఖీకి వస్తానని వాడికి కబురు పెడతాను."

"కబురు పెట్టి వస్తే ఇంకేం దొరుకుతుందండీ?"

"చెప్పకుండా ఒకరింట్లోకి ఎలా వెళ్తామమ్మా? మర్యాదగా ఉంటుందా?"

మర్యాదగానే వెళ్లాడు. నాగలింగం ముందురోజే మూటలన్నీ వాగు దాటించి పాక ఊడ్పించింది, గుమ్మంలో నీళ్లు కూడా చల్లించింది. పెద్దిరాజు పాకంతా చూసి ముచ్చటపడి, "ఎంత శుభ్రంగా పెట్టుకున్నావురా అబ్బాయ్! ఝాన్సమ్మా, వీణ్ణి చూసి నేర్చుకో" అని నీతులు చెప్పి పోయాడు. ఆయన తోక మలుపు తిరిగిందో లేదో మూటలు మళ్లీ వచ్చేశాయి. ఝాన్సీకి ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

మళ్లీ వెళ్లింది. మళ్లీ తనిఖీ, మళ్లీ శుభ్రమైన పాక. ఆ తర్వాత వెళ్లినప్పుడైతే పెద్దిరాజు కళ్లు కూడా తెరవలేదు. "ఇరుగూ పొరుగూ అన్నాక సర్దుకుపోవాలమ్మా" అని అటు తిరిగి పడుకున్నాడు.

ఇదంతా గమనిస్తున్న నక్కకు ఒక సంగతి అర్థమైంది. ఆకు మూట విప్పితే ముసల్ది కూలబడుతోంది. ఎందుకో ఏమిటో దానికి అక్కర్లేదు. 'వాసనకే కాళ్లు పడిపోతున్నాయి పాపం' అనుకుంది. సరుకు పెరిగి బుల్లెబ్బాయి పాక చాలడం లేదాయె. ఒకరోజు ఝాన్సీ గుమ్మంలోకి వచ్చి పళ్లన్నీ కనబడేలా నవ్వింది.

"ఝాన్సీ గారూ, ఒంట్లో ఎలా ఉంది? వచ్చే వారమే కదా హాజరు. నిలబడగలరా? లేకపోతే ఈ పాక నాకు తెలిసినవాళ్లకు ఇప్పిస్తాను లెండి. మీరు హాయిగా దొడ్డిలో విశ్రాంతి తీసుకోవచ్చు."

నక్క వెళ్లాక ఝాన్సీకి మొదటిసారి భయమేసింది. ఆ పాక పోతే దానికి వేరే నీడ లేదు. హాజరుకి ముందురోజు, అవతలి పాకలో ఉండే కంచరగాడిద సోమన్న గంజి పట్టుకొచ్చాడు. యుద్ధంలో ఝాన్సీ వెనకే కొండలెక్కి మూటలు మోసినవాడు సోమన్న.

"రేపు ఎలాగక్కా? నా వీపు మీద ఎక్కించుకుని తీసుకుపోనా?"

"నిలబడాలిరా అక్కడ. నీ వీపు మీద నిలబడతానా?" అని కసురుకుందే గాని, అంతలోనే దాని ముక్కు అదిరింది. నమిలేసిన దడి వెనక నక్క కంపు. అంటే పొంచి వింటోంది!

ఝాన్సీ గొంతు పెంచింది.

"ఇంటి దగ్గర ఎన్నిసార్లు కూలబడినా ఫరవాలేదురా సోమన్నా. నెమ్మదిగా పాక్కుంటూనైనా వెళ్తాను. నా భయమల్లా అధికారి ముందే. అక్కడ గాని కాస్త వాసన తగిలిందంటే నా పని సరి. అంతమంది చూస్తుండగా కూలబడిపోతాను. ఇక ఆయన దొడ్డికి పంపక ఏం చేస్తాడు?"

సోమన్న నోరు తెరిచాడు. ఝాన్సీ వాడి కాలు తొక్కింది.

"అయినా అక్కడికి ఆకు తెచ్చే ధైర్యం ఎవరికుందిలే" అంది, ఇంకాస్త గట్టిగా.

దడి వెనక కంపు మెల్లగా దూరమైంది.

మర్నాడు వాడంతా మైదానంలో చేరింది. కోట నుంచి వచ్చిన అధికారి ఒక గుర్రం. కణత దగ్గర పాత గాయం, చూపు మాత్రం చురుగ్గా ఉంది. ఆయన పక్కన పెద్దిరాజు బురద కడుక్కుని వినయంగా నిలబడ్డాడు. ముందు వరసలో, అధికారికి అతి దగ్గరగా బుల్లెబ్బాయి ఉన్నాడు. వాడి మెడ కింద ఉన్నిలో ఒక మూట దాగి ఉంది.

"ఇది ఎందుకు బాబాయ్?" అని వాడు పొద్దున అడిగితే, "తాయత్తురా. అధికారి చల్లని చూపు పడాలంటే దగ్గరగా నిలబడు" అంది నాగలింగం. ఇప్పుడు జనం వెనక నిలబడి మీసాలు దువ్వుకుంటోంది.

"ఝాన్సీ!"

ఝాన్సీ నడిచింది. నొప్పులతో వంకర్లు పోతున్నా, తల ఎత్తే నడిచింది. పొట్టేలు ఎదురుగా వచ్చేసరికి టక్కున కూర్చుండిపోయింది. ముక్కు సూటిగా వాడి మెడ వైపు పెట్టి, కదలకుండా ఉంది.

"చూశారా అయ్యగారూ!" నక్క వెనక నుంచి అరిచింది. "నిలబడలేదు! దొడ్డికి పంపించండి!"

పెద్దిరాజు తల ఊపాడు. "అవునండి, కొన్నాళ్లుగా ఇంతేనండి. ఎక్కడ పడితే అక్కడ కూలబడుతోంది."

అధికారి వాళ్లవైపు చూడనైనా లేదు. ఆయన చూపు ఝాన్సీ ముక్కు మీదుంది. యుద్ధంలో అలా కూర్చున్న కుక్కలు ఆయన దళాన్ని మత్తు బారిన పడకుండా చాలాసార్లు కాపాడాయి.

"ఎవరూ కదలకండి" అన్నాడు. "పొట్టేలా, మెడ ఎత్తు."

బుల్లెబ్బాయి మెడ ఎత్తాడు. మూట కింద పడి ఆకు చెల్లాచెదరైంది. వాడు బిక్కమొహం వేసి, "తాయత్తండీ! నాగలింగం బాబాయే కట్టాడండీ!" అన్నాడు. నక్క పారిపోబోయింది గాని, సోమన్న అప్పటికే దాని వెనక నిలబడి ఉన్నాడు. కంచరగాడిద కాలి దెబ్బ సంగతి తెలిసిన నక్క అక్కడే ఆగిపోయింది.

అధికారి పెద్దిరాజు వైపు తిరిగాడు. "ఈ సంగతి మీ దృష్టికి రాలేదా?"

"సాక్ష్యం లేకపోయిందండి" అన్నాడు పెద్దిరాజు, నేల చూపులు చూస్తూ.

"ఆమె కూర్చోవడమే సాక్ష్యం. సైనికుల వాడకు పెద్ద అయ్యుండి ఆ మాత్రం తెలుసుకోలేదా? ఆ దడి మీరే స్వయంగా కట్టండి."

నక్కను పొలిమేర దాటించమన్నాడు. పొట్టేలును మత్తు దిగేదాకా వైద్యుడు ఎలుగుబంటి దగ్గర ఉంచమన్నాడు. బుల్లెబ్బాయి వెక్కివెక్కి ఏడుస్తుంటే ఝాన్సీకి జాలేసింది. కానీ తన ఇంటి దడి తిన్నవాడి మీద ఎంత జాలి పడాలో అంతే పడింది.

అధికారి వెంట వచ్చిన భటులు చెదిరిన ఆకును ఏరి పట్టుకుపోయాక, ఝాన్సీ నెమ్మదిగా లేచి నిలబడి "ఉన్నానండీ" అంది.

భటులు నక్కను తీసుకుపోతుంటే అది ఝాన్సీ పక్కన ఆగింది. దాని మొహంలో నవ్వు మాయమైంది.

"నిన్న ఆ మాటలన్నీ నేను వినాలనే అన్నావు, కదూ?"

"ఏడాదంతా గొంతు చించుకుని ఫిర్యాదు చేశాను" అంది ఝాన్సీ. "ఈ వాడ మొత్తంలో నా మాట శ్రద్ధగా విన్నది నువ్వొక్కడివే."

నీతి: ఎదుటివాడి అవస్థను ఆయుధం చేసుకోవాలనుకునేవాడు, ఆ అవస్థ ఎందుకొచ్చిందో ముందు కనుక్కోవాలి.