సారసం మోసుకెళ్ళిన పాట

ఒకప్పుడు సారస పక్షులు ఆకాశంలో చప్పుడు చేయకుండా ఎగిరేవి. ఏదైనా చెప్పాలంటే నేల మీద వాలి, మెల్లగా చెప్పేవి. అంత మర్యాద వాటికి.

ఆ రోజుల్లో టర్కీ కొండల్లో దుర్సున్ అనే గొర్రెల కాపరి ఉండేవాడు. కొండ అవతలి ఊళ్ళో ఉన్న సెనెమ్ అంటే అతనికి ప్రాణం. ఆమెకూ అంతే. "మొదటి మంచు పడేలోగా వాడి దగ్గర్నుంచి కబురు రాకపోతే, నిన్ను పిండిమర ఆయనకిచ్చి చేసేస్తాను" అన్నాడు సెనెమ్ తండ్రి.

ఆ సంగతి దుర్సున్ చెవిన పడింది. "వస్తున్నాను, ఆగు" అంటే సరిపోయేది. కానీ మన దుర్సున్ పాటగాడు కదా! సాజ్ అనే పొడుగుమెడ వాయిద్యం ఒళ్ళో పెట్టుకుని పన్నెండు చరణాలు ఏడ్చాడు. ఆమె కనుబొమలకు మూడు, తన కన్నీళ్ళకు తొమ్మిది. పాటలో ఆడపిల్ల పేరు చెప్పకూడదని అక్కడి పద్ధతి. చివరి చరణంలో పాటగాడి బిరుదు మాత్రం ఉండి తీరాలి. గురువుగారు మొన్ననే ఇచ్చిన "కాలినగుండె" అనే బిరుదును ఘనంగా చెప్పుకున్నాడు. ఆ బిరుదు సంగతి సెనెమ్‌కి తెలియనే తెలియదు.

"ఎవరికివ్వాలి నాయనా?" అంది, పాట మోసుకెళ్ళమని అతను పిలిచిన సారసం.

"కొండ అవతలి ఊరికెళ్ళు. అంతా పాటలోనే ఉంది. ఈ కాలినగుండె పంపాడని చెప్పు" అన్నాడు మహానుభావుడు.

సారసం అవతలి ఊళ్ళో వాలి, పాటంతా వినిపించింది. "విల్లులాంటి కనుబొమలు ఎవరివమ్మా?" అని అడిగింది.

"నావే" అన్నారు ఆడపిల్లలందరూ. పళ్ళూడిన ఒక అవ్వ కూడా అంది.

సెనెమ్ ఒక్కతే ఆ మాట అనకుండా కళ్ళు తుడుచుకుంది. "పాపం, ఎవరో ఈ కాలినగుండె! నావాడు ఇంత ఏడవడు. ఒక్క ముక్క చెప్పి పంపిస్తాడు."

సారసం మళ్ళీ కొండ దాటి వచ్చింది. "పేరు చెప్పి ఏడువు నాయనా!"

"సెనెమ్" అన్నాడు దుర్సున్, బిక్కమొహం వేసి.

అప్పటికే మంచు మొదలైంది. వాలి మాట్లాడే తీరిక లేక సారసం మొదటిసారి ఆకాశంలోంచే గొంతు చించుకుంది. "సెనెమ్! సెనెమ్! ఆగమన్నాడు!"

కింద పెళ్ళి డోలు మోగుతోంది. గుర్రం మీద ఎర్ర ముసుగులో ఉన్న సెనెమ్ తలెత్తింది. పేరు వినపడింది, మిగతాది డోలు మింగేసింది.

మరి దుర్సున్ ఏం చేశాడు? ఇంకో ఇరవై చరణాలు కట్టాడు. జనం ఆహా అన్నారు. పిండిమర దగ్గర సెనెమ్ కూడా ఆ పాటే పాడుకుని ఏడ్చేది, అది తన గురించేనని తెలియకుండానే.

అప్పటినుంచే సారసాలు మౌనంగా ఎగరవు. మెడ చాచి, దారి పొడుగునా అరుస్తూనే పోతాయి.