కోటమ్మ హారతి

మా వినుకొండలో కంప్యూటర్ రిపేరు నేర్పే సింగరాచార్యులు మాస్టారికి ఒక పాడు అలవాటుంది. ప్రశ్న అడిగితే తిన్నగా జవాబు చెప్పరు, ఎవరింటి సంగతో ఎత్తుకుంటారు. ఒకనాడు శిష్యుడు దస్తగిరి అడిగాడు: "సాఫ్ట్‌వేర్ కొనకపోయినా యాక్టివేషన్ అడక్కుండా చేసే టూల్ ఊరంతా వాడుతున్నారు, చక్కగా పనిచేస్తోంది. మీరొక్కరే వద్దంటారేంటి మాస్టారూ?"

మాస్టారు మైక్‌సెట్ చెన్నకేశవులు సంగతి మొదలుపెట్టారు.

చెన్నకేశవులు పెళ్ళిళ్ళకి మైకులు కడతాడు. భార్య కోటమ్మ బతికుండగా పాడిన మంగళహారతులు ఆయన కంప్యూటర్‌లో ఉండేవి. ఆవిడ పోయాక కూడా ఏ పందిట్లోనైనా ముందు ఆవిడ హారతి వేసి, తర్వాతే సినిమా పాటలు వేసేవాడు. పెళ్ళివారు విసుక్కున్నా వినేవాడు కాదు. పాపం, ఆ కాసేపే ఆవిడ పక్కన ఉన్నట్టుండేది.

ఆ కంప్యూటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్‌ని డబ్బు కట్టి యాక్టివేట్ చేసుకోవాల్సింది, రేపూమాపంటూ వాయిదా వేశాడు. ఒక పెళ్ళిలో తెర మీద ఫొటోలు చూపిస్తుంటే 'యాక్టివేట్ చేసుకోండి' అన్న అక్షరాలు మూలన అలాగే నిలిచాయి. పెళ్ళికూతురి కుచ్చిళ్ళ మీద ఆ రాతేంటని మగపెళ్ళివారు నవ్వారు. ఆయనకి తల కొట్టేసినట్టయింది. ఇంటికెళ్ళి నెట్‌లోంచి ఆ టూల్ దించుకున్నాడు. ముందు యాంటీవైరస్ ఆపమంది అది. ఇలాంటివాటికి అది మామూలేనని ఎవరో చెబితే నమ్మి, తన చేత్తోనే ఆపాడు. దొంగ అడిగితే మన కుక్కని మనమే కట్టేసినట్టు, అన్నారు మాస్టారు. అక్షరాలు మాయమయ్యాయి. చెన్నకేశవులు మురిసిపోయాడు.

కొన్నాళ్ళకి ఒక గృహప్రవేశంలో హారతి వేయబోతే పాట పలకలేదు. టూల్‌తో పాటు లోపలికి దూరిందేదో ఫైళ్ళన్నిటికీ తాళాలేసేసింది. వేరేచోట కాపీ కూడా దాచుకోలేదు. ఇంట్లో ఉన్న మనిషికి కాపీ ఏమిటనుకున్నాడట. కంప్యూటర్ మాస్టారి ముందు పెట్టి, కూలబడ్డాడు. మాస్టారు తనకొచ్చిన విద్యంతా చూపించారు. ఏదీ తెరుచుకోలేదు.

అప్పుడు చెన్నకేశవులు అన్నాడట: "పాటలు పోతే పోనీండి మాస్టారూ. ఒకదాంట్లో మధ్యలో దగ్గొచ్చి, 'ఆపయ్యా, మళ్ళీ పాడతా' అంటుంది. ఆ ఒక్క ముక్కన్నా రాదా?"

రాలేదు. ఇప్పటికీ మాస్టారు బజార్లో కనిపిస్తే చాలు, తెరిచే దారేమన్నా దొరికిందా అని అడుగుతూనే ఉంటాడట.

మరి బాగా కావలసినవాళ్ళు అడిగితే కాదనలేక ఆ టూల్ ఎక్కించాల్సొస్తుందే అని గొణిగాడు దస్తగిరి.

"ఎక్కించు నాయనా," అన్నారు మాస్టారు. "ఎక్కించేముందు, ఆ కంప్యూటర్‌లో ఎవరున్నారో ఒక్కమాట అడుగు."