తాళివేళ తెగిన ఊపిరి

అంకబాబు సన్నాయిని గుడ్డలో చుట్టి తెచ్చి, బాజీ సాహెబు ముందు అరుగు మీద పెట్టాడు.

"ఇది మీ దగ్గరే ఉంచుకోండి గురువుగారూ. నాకిక చేతకాదు."

సాహెబుది మూడు తరాల సన్నాయి వంశం. ఐదు పూటలా నమాజు చేస్తాడు, స్వామివారి కల్యాణానికి పిలవకపోతే మాత్రం అలుగుతాడు. మా వైపు ఇదేం వింత కాదులెండి. అంకబాబు ఆయన దగ్గర తొమ్మిదేళ్లు నేర్చుకున్నాడు. బాగా పేరొస్తున్న రోజుల్లో న్యుమోనియా పట్టుకుని, ఇరవై రోజులు ఆస్పత్రిలో పడేసింది.

తగ్గింది కదా అని మొన్న ఒక పెళ్లి ఒప్పుకున్నాడు. పెళ్లికొడుకు తాళి చేతిలోకి తీసుకున్నాడు. పంతులుగారు "గట్టిమేళం!" అని కేకేశారు. సరిగ్గా అప్పుడే వీడి ఊపిరి తెగింది. సన్నాయి కీచుమని ఆగిపోతే, డోలు వాయించేవాడు బిత్తరపోయి చెయ్యి ఆపేశాడు. అసలు గట్టిమేళం పెట్టేదే ఆ క్షణాన తుమ్మూ చెడ్డమాటా ఎవరి చెవినా పడకూడదని. ఎవరో ముసలమ్మ "అయ్యో, అపశకునం!" అని పైకే అనేసింది. ఆ మాట పందిరంతా వినబడింది. పెళ్లికూతురు తల్లి ఏడుపు అందుకుంది.

"వచ్చే శుక్రవారం స్వామి కల్యాణం. అక్కడ కూడా ఇట్టాగే తెగితే నేను ఊళ్లో తలెత్తుకోగలనా? నా వల్ల కాదు" అన్నాడు అంకబాబు.

"డాక్టరేమన్నాడురా?"

అదడిగేసరికి వాడికి కాస్త హుషారొచ్చింది. ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పుకొచ్చాడు. ఊపిరితిత్తులు స్పాంజిలాంటివట. వాటికి సొంత కండ లేదట. వాటి అడుగున గొడుగులాంటి కండ ఒకటుందట. అది కిందికి దిగితే గాలి లోపలికొస్తుందట, పైకి లేస్తే బయటికి పోతుందట. లోపల కోట్ల కొద్దీ చిన్న బుడగలుంటే, వాటి పల్చటి గోడల్లోంచి గాలి నెత్తురులో కలుస్తుందట. గుండెకు వీలుగా ఎడమ తిత్తి కొంచెం చిన్నదట.

"ఇప్పుడు నావి రెండూ శుభ్రంగానే ఉన్నాయన్నాడు."

"మరింకేం?"

"అందుకే ఎక్కువ గాలి పట్టాలని చూస్తున్నానండీ. ఎంత పట్టినా చాలడం లేదు."

"ఏదీ, పట్టు చూద్దాం."

అంకబాబు సన్నాయి తీసి గట్టిగా గాలి పీల్చాడు. భుజాలు చెవులదాకా లేచాయి, మెడనరాలు తేలాయి, పొట్ట వెన్నుకంటుకుంది. ఊదాడు. నాలుగు స్వరాలు దాటకముందే దగ్గొచ్చింది.

సాహెబు లేచి వాడి దగ్గరికొచ్చాడు.

"తప్పు నాదే. నువ్వు ఆస్పత్రిలో ఉన్నప్పుడు బత్తాయిలిచ్చి వచ్చేశాను. లేచాక మళ్లీ మొదటి నుంచి కూర్చోబెట్టాల్సింది."

తన కండువా తీసి, వాడి చంకల కిందుగా రొమ్ము చుట్టూ బిగించి ముడేశాడు.

"గురువుగారూ! అసలే ఊపిరాడక చస్తుంటే..."

"అదేం కట్టండీ, సంతకు కోడిని కట్టినట్టు!" అంది గుమ్మంలోంచి ఆయన భార్య బీబమ్మ. "నిన్నగాక మొన్న జబ్బు నుంచి లేచిన పిల్లాడు."

"నువ్వుండవే. ఒరే, లోపలున్న గాలంతా వదిలెయ్."

వదిలాడు.

"ఇంకా ఉంది. వదులు."

మళ్లీ వదిలాడు. లోపల అంత మిగిలి ఉంటుందని వాడు అనుకోలేదు. సాహెబు అరచెయ్యి వాడి పొట్ట మీద పెట్టాడు.

"ఇప్పుడు పీల్చబోకు. పొట్ట వదులు చెయ్, అంతే."

ఆ చెయ్యి మెల్లగా ముందుకు జరిగింది. అంకబాబు ఉలిక్కిపడ్డాడు.

"ఊదు."

రొమ్ము పొంగిద్దామంటే కండువా పొంగనివ్వలేదు. వాడికి ఒళ్లు మండింది, కానీ గురువు మాట కాబట్టి ఊదాడు. నాలుగు స్వరాలు దాటాయి. పల్లవి దాటింది. ఊపిరి సందు చిక్కినప్పుడల్లా పొట్ట తనంతట తానే సడలుతోంది, మళ్లీ బిగుస్తోంది. బీబమ్మ టీ గ్లాసులు పట్టుకుని అట్టాగే నిలబడిపోయింది. మొన్న పెళ్లిలో తెగిన చోటు కూడా ఎప్పుడు దాటిపోయిందో వాడు గమనించలేదు.

కీర్తన పూర్తిచేసి సన్నాయి ఒళ్లో పెట్టుకున్నాడు. దగ్గు రాలేదు. కళ్లు మాత్రం నీళ్లతో నిండాయి.

"నేనేం లాగలేదు గురువుగారూ. అంత గాలి ఎట్టా వచ్చింది?"

సాహెబు ముడి విప్పుతూ అన్నాడు:

"లాగితే రాదురా అది. చోటిస్తే వస్తుంది."