వెండి పెట్టెలో తోలుపట్టీ

వేగవరం రాజు రుద్రమల్లుడు ఆ రోజు సగం గడ్డంతో కొలువుకు వచ్చాడు. కుడి చెంప నున్నగా ఉంది. ఎడమ చెంప మీద దీక్షగడ్డం గుబురుగా వేలాడుతోంది. సభలో ఒక్కరూ తల ఎత్తలేదు. ఎత్తితే నవ్వొస్తుంది, నవ్వితే ఉద్యోగం పోతుంది.

"మా తాతగారి నాటి తోలుపట్టీ ఎవరు పాడు చేశారో తేలేదాకా ఈ రెండో చెంప మీద కత్తి పడనివ్వను" అన్నాడు రాజు.

తోలుపట్టీ అంటే మంగలి కత్తికి పదును తెచ్చేది. క్షవరానికి ముందు కత్తిని దాని మీద అటూ ఇటూ తిప్పుతారు. దుమ్ము పడితే గీతలు పడతాయి, చెమ్మ తగిలితే బూజు పడుతుంది. ఆస్థాన మంగలి పోలయ్య దాన్ని పొడి గుడ్డసంచిలో పెట్టి చిలక్కొయ్యకు తగిలించుకునేవాడు. తాతగారి కాలం నుంచీ అంతే.

రాజు వానాకాలంలో దీక్ష పట్టి గడ్డం పెంచగానే కోట సామాన్ల కొట్టు చూసే ఉగ్రాణాధికారి భుజంగరాయుడు రంగంలోకి దిగాడు. రాజుగారి వస్తువు గుడ్డసంచిలో వేలాడటమేమిటని దాన్ని వెండి పెట్టెలోకి మార్పించాడు. పొద్దున పూట ఉగ్రాణంలోంచి సన్నాయి వినిపిస్తే పెట్టెకు మర్యాదలు జరుగుతున్నాయని ఊరంతా అనుకునేది.

ఈ పొద్దున దీక్ష ముగిసింది. పోలయ్య పెట్టె తెరిచేసరికి తోలంతా పచ్చటి బూజు. తుడిచి ఎలాగో నెట్టుకొచ్చాడు గానీ కుడి చెంప అయ్యేసరికి కత్తి మొండికెత్తింది. ఎడమ చెంప మీద ఒక్క లాగు లాగాడో లేదో, రాజు వేసిన కేకకు గుర్రపుశాలలో గుర్రాలు బెదిరాయి.

"వీడు తడిపట్టీ తెచ్చి నా చేతికిచ్చాడు ప్రభూ" అన్నాడు భుజంగరాయుడు, మీసం సవరించుకుంటూ. "నా పెట్టెలోకి గాలి కూడా దూరదు."

"పొడిగానే ఇచ్చాను దొరా. మా అయ్య నేర్పిన పని, నాకు తెలియదా?" అన్నాడు పోలయ్య.

"సభ ముగిసేలోగా తేలాలి. లేకపోతే పోలయ్య పెళ్లాం పిల్లలతో ఊరు విడవాలి" అన్నాడు రాజు.

పోలయ్య ముఖం చూడలేక చాలామంది నేల చూపులు చూశారు. అప్పుడు సింహాసనం పక్కన తాంబూలం చుడుతున్న ఓబన్న లేచాడు. రాజుకు తమలపాకులూ వక్కలూ అందించడం అతని కొలువు. ఆకుల్ని తడిగుడ్డలో చుట్టి దాస్తాడు గనక పన్నీటి బుడ్డి కూడా అతని దగ్గరే ఉంటుంది. దాన్ని పొద్దున్నే భుజంగరాయుడు అడిగి తీసుకెళ్లడం అతనికి కొత్త కాదు.

"ప్రభూ, ఒక సాక్షి ఉన్నాడు. పిలిపిస్తాను" అన్నాడు ఓబన్న.

వంటశాల నుంచి పళ్లెంలో సాక్షి వచ్చాడు. అప్పుడే నూనెలోంచి తీసిన మినప్పప్పు అప్పడం.

రాజు ఓ ముక్క విరిచి నోట్లో వేసుకున్నాడు. కరకరమన్న చప్పుడు చివరి వరసదాకా వినిపించింది.

"భుజంగరాయలవారూ, ఈ అప్పడాన్ని తమ పెట్టెలో దాచండి. కానీ రోజువారీ మర్యాదలంటే మామూలు మాటలా? ఇంత మంది ముందు తమరికి కుదురుతుందో లేదో. మానేసినా ఎవరూ ఏమీ అనుకోరు" అన్నాడు ఓబన్న మహా వినయంగా.

"మానేయడమా? రాజుగారి చెయ్యి తగిలిన అప్పడానికి మర్యాద తగ్గించమంటావా?" భుజంగరాయుడి ఛాతీ ఉబ్బింది. "పిలవండి సన్నాయిని."

వెండి పెట్టె సభకు వచ్చింది, సన్నాయి మోగింది. అప్పడం పట్టుగుడ్డ మీద పడుకుంది. భుజంగరాయుడు కళ్లు మూసుకుని ఏదో గొణుగుతూ కుంకుమ చల్లాడు. హారతి తిప్పాడు. ఆ తర్వాత ఓబన్న పక్కనున్న పన్నీటి బుడ్డి ఎత్తి, సభ అంతా చూసేలా చెయ్యి చాచి, అప్పడం మీద చిలకరించాడు. ఒకసారితో తృప్తి కలగక మళ్లీ చిలకరించాడు. మూత వేసి, తాళం బిగించి, చప్పట్ల కోసం చూశాడు.

చప్పట్లు రాలేదు. సేనాపతి ఉత్తరీయం నోట్లో కుక్కుకున్నాడు. పురోహితుడి భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"ఇక తీయించండి ప్రభూ" అన్నాడు ఓబన్న.

రాజు అప్పడాన్ని రెండు వేళ్లతో పైకెత్తాడు. అది ఆరేసిన పంచెలా కిందికి వేలాడింది. కొరికాడు. సభ చెవులు రిక్కించింది. ఏ చప్పుడూ లేదు.

"ఓబన్నా, నీ సాక్షి నోరు విప్పడం లేదే?"

"ఎలా విప్పుతాడు ప్రభూ? ఒక్క పూట మర్యాదకే ఇలా అయిపోయాడు. పాపం ఆ తోలుపట్టీ దీక్ష పొడుగునా మర్యాదలు అందుకుంది."

రాజు ముందు నున్నటి చెంపతో నవ్వాడు, తర్వాత గడ్డపు చెంపతో కూడా నవ్వాడు. అది చూసి సభ ఇక ఆగలేదు. కొందరు కింద కూర్చుండిపోయారు. పోలయ్య కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. భుజంగరాయుడు పన్నీటి బుడ్డిని వీపు వెనక దాచుకున్నాడు.

తాతగారి పట్టీని నీడలో ఆరబెట్టి గుడ్డసంచికే చేర్చమని రాజు ఆజ్ఞ ఇచ్చాడు. పోలయ్య ఇంటి నుంచి తన సొంత పట్టీ తెప్పించుకుని కత్తి నూరుకున్నాడు.

"నీకేం కావాలో కోరుకో ఓబన్నా."

"ఆ వెండి పెట్టె ఇప్పించండి ప్రభూ."

"ఆ పెట్టెలో ఏది పెట్టినా చెమ్మెక్కుతుందిగా. ఏం చేసుకుంటావు?"

"నా తమలపాకులకు చెమ్మే కావాలి ప్రభూ. పొద్దున్నే రాయలవారి మర్యాదలు కూడా కలిపి ఇప్పిస్తే, ఆకు వాడదు."

రాజు పొట్ట పట్టుకుని మళ్లీ నవ్వాడు. ఈ నవ్వు తగ్గితే గానీ రెండో చెంప కుదరదని పోలయ్య కత్తి మడిచి పక్కన పెట్టాడు.