కొత్వాలు మడి కట్టిన రోజు

పసుపుగిరి మహారాజు వీరకేసరిగారి బావమరిది ఒకనాడు గంజాయి దమ్ము బిగించి, పట్టపుటేనుగు మీద తోకవైపు మొహం పెట్టి కూర్చుని ఊరంతా ఊరేగాడు. జనం విరగబడి నవ్వారు. రాజుకి తల కొట్టేసినట్టయింది.

మర్నాడే చాటింపు వేయించాడు. రాజ్యంలో గంజాయి ఆకన్నది కనబడకూడదు. కొత్వాలు భుజంగరాయుడు ఏ ఇంట్లోకైనా, ఏ వేళకైనా, ఎందుకొచ్చాడో చెప్పకుండా జొరబడి వెతకవచ్చు. బావమరిది ఇల్లు మాత్రం ఎవరూ వెతకలేదు. అది వేరే సంగతి.

నెల తిరిగేసరికి భుజంగరాయుడు నలభై ఇళ్ళు వెతికాడు. నలభై ఇళ్ళలోనూ పొట్లం దొరికింది. అన్నీ మేదర్లవీ, చాకళ్ళవీ, కూలీనాలీ చేసుకునేవాళ్ళవీ. కొత్వాలు మీసానికి సంపెంగ నూనె రాసుకుని సభలో పచార్లు చేసేవాడు.

ఆ నలభయ్యోది మేదరి నూకాలు ఇల్లు. భటులు తలుపు తోస్తుంటే ఆవిడ గడపకి అడ్డంగా నిలబడి, ఏ అనుమానం మీద వచ్చారు నాయనా అని అడిగింది. అడిగినందుకే అల్లిన బుట్టలన్నీ కాళ్ళతో తొక్కేశారు. ఆపైన చాప కింద పొట్లం దొరికిందన్నారు. మర్నాడు పొద్దున్నే గుండు గీయించి, గాడిదమీద ఎక్కించి, పొలిమేర దాటించాలని తీర్పయింది.

ఆ తీర్పు విని అడపం పైడయ్య కడుపు మండిపోయింది. పైడయ్య రాజుగారి పక్కన తమలపాకుల పెట్టె పట్టుకుని నిలబడే సేవకుడు. ఆ ఆకులు వాడిపోకుండా దాచే బుట్టలు ఇరవై ఏళ్ళుగా నూకాలే అల్లుతోంది. ఆవిడ పొగాకు కాడ కూడా నమలని మనిషి. అయినా కొలువులో కోపం చూపిస్తే తల దక్కదు. అందుకని ఆకుకి సున్నం రాస్తూ, ఎవరితోనో అన్నట్టు అన్నాడు.

"నలభైసార్లు వల వేస్తే నలభైసార్లూ చేప పడిందట. గొప్పతనం చెరువుదా, వలదా?"

"వలదే," అన్నాడు భుజంగరాయుడు. "నువ్వు ఏ ఇల్లయినా చూపించు. నా వాళ్ళు ఉత్తిచేతులతో రారు."

రాజుకి పందేలంటే ప్రాణం. అక్కడికక్కడే తేల్చేశాడు. పైడయ్య చూపించిన ఇంట్లో ఏమీ దొరక్కపోతే నూకాలుకి విడుదల. దొరికితే ఆవిడ వెనక అదే గాడిదమీద పైడయ్య.

పైడయ్య సోమిదేవమ్మగారి ఇల్లు చెప్పాడు. ఆవిడ రాజుగారిని చిన్నప్పుడు గోరుముద్దలు పెట్టి పెంచిన వంటావిడ. ఎనభై ఏళ్ళు దాటాయి. ముసలమ్మ ఇల్లు ఎంతసేపని కొత్వాలు నవ్వుకున్నాడు.

మధ్యాహ్నానికి రాజుగారు వచ్చి సోమిదేవమ్మ ఇంటి అరుగుమీద కూర్చున్నారు. పైడయ్య పక్కన నిలబడ్డాడు. వింత చూడ్డానికి ఊరంతా వీధిలో పోగయింది. భుజంగరాయుడు ముగ్గురు భటులతో గడప దగ్గరికి వెళ్ళాడు. లోపలినుంచి దండెపు కర్ర ఒకటి అడ్డంగా వచ్చింది.

"మడి కట్టుకోకుండా ఈ గడప ఎవడూ దాటడు."

రాజాజ్ఞ అవ్వా అన్నాడు కొత్వాలు. సోమిదేవమ్మ కర్ర తియ్యకుండానే రాజు వైపు చూసింది.

రాజు వీపు తడుముకున్నాడు. ఏడేళ్ళప్పుడు మైలబట్టతో ఆవకాయ జాడీ ముట్టుకున్నందుకు తన వీపుమీద గరిటె విరిగిందని చెప్పి, "కట్టుకోండయ్యా మడి, తప్పదు," అన్నాడు.

కొత్వాలు మొహం పాలిపోయింది. కానీ రాజు ఎదురుగా ఉన్నాడు. నలుగురూ తలపాగాలు తీశారు, అంగీలు విప్పారు, అన్నీ పెరట్లో దండెం మీద వేశారు. నూతి దగ్గర తలో నాలుగు చేదలు పోసుకుని, ఆవిడ విసిరిన తడి అంగవస్త్రాలు చుట్టుకుని, వణుకుతూ లోపలికి వెళ్ళారు.

వెతికారు. అటక వెతికారు, గాదె వెతికారు, పోపుల పెట్టె వెతికారు. ఒకడు మాటిమాటికీ పెరట్లో దండెం వైపు చూస్తున్నాడు. మరొకడు తలపాగా లేకపోతే తలనొప్పి వస్తుందని బతిమాలుకున్నాడు. తలపాగా మైల అంది సోమిదేవమ్మ. గంట గడిచింది. నలుగురూ ఉత్తిచేతులతో బయటికి వచ్చారు.

"ముసలావిడ దాచేసింది ప్రభూ," అన్నాడు కొత్వాలు. "పొడి బట్టలు కట్టుకుని ఇంకొక్కసారి వెళ్తే..."

ఆ మాట ముగిసేలోపు పెరట్లో సోమిదేవమ్మ కేక పెట్టింది. తన మడిబట్టలు ఆరేసే దండెం మీద వీళ్ళ మైలగుడ్డలేమిటని మండిపడుతూ, ఒక్కొక్క తలపాగానీ కర్రతో ఎత్తి నీళ్ళ గోలెంలో పడేసింది.

గోలెంలో తలపాగాలు మునిగాయి. పొట్లాలు తేలాయి.

ఒకటి, రెండు, మూడు. అన్నీ మోదుగాకు పొట్లాలే. అన్నింటికీ ఎర్ర దారమే. నూకాలు ఇంట్లో దొరికిందని సభలో చూపించిన పొట్లానికి కూడా ఎర్ర దారమే ఉంది.

రాజు గోలెం దగ్గరికి వచ్చి ఇవేమిటని అడిగాడు. కొత్వాలు పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. చలికో, భయానికో చెప్పలేం. పైడయ్యే చెప్పాడు.

"నలభై ఇళ్ళలో దొరికిన సరుకు ఇదే ప్రభూ. లోపలికి వెళ్ళేటప్పుడు తలమీద ఉంటుంది. బయటికి వచ్చేటప్పుడు చేతిలో ఉంటుంది."

రాజుకి సిగ్గూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. నూకాలునీ, తక్కిన ముప్పైతొమ్మిది ఇళ్ళవాళ్ళనీ వదిలేయమన్నాడు. కొత్వాలుని తడిగుడ్డతోనే చెరసాలకి నడిపించమన్నాడు. పైడయ్యా, నీకేం కావాలో కోరుకో అన్నాడు.

"మడి కావాలి ప్రభూ."

"నీకెందుకయ్యా మడి?"

"నాకు కాదు. ఈ గడప ముందు మహారాజులైనా ఆగుతారు. నూకాలు గడపకీ, కూలివాడి గడపకీ ఆ మాత్రం మడి ఇప్పించండి. వచ్చినవాడు ఏ అనుమానం మీద వచ్చాడో చెప్పాలి. ఇరుగుపొరుగు ముందు తన తలపాగా దులపాలి. ఆ తర్వాతే గడప దాటాలి."

రాజు పకపకా నవ్వి, సాయంత్రానికే చాటింపు వేయించమని చెప్పి, మెడలో ముత్యాల హారం తీసి పైడయ్య చేతిలో పెట్టబోయాడు.

సోమిదేవమ్మ కర్ర మళ్ళీ అడ్డం వచ్చింది.

"ముందు మీ బావమరిది తలపాగా దులిపించి రా బాబూ. హారం తర్వాత ఇద్దువుగాని."

ఈసారి రాజు కంటే ముందు ఊరే నవ్వింది.